గైడు చూసిందీ, కెమేరా చూసిందీ

పోయిన నెల మా టీంలో కుర్రాడొకడు కాఫీ మెషిన్ దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, గైడ్ స్కోపు ఏది కొనమంటావ్? దానికి కెమేరా ఏది?" అని. ఈమధ్యే ఒక 80 మిల్లీమీటర్ల టెలిస్కోపూ, మోటారున్న మౌంటూ కొన్నాడు. రెండు నిమిషాలు దాటి ఎక్స్‌పోజరిస్తే చుక్కలన్నీ బియ్యపు గింజల్లా సాగిపోతున్నాయట. "ఎంతలో అనుకుంటున్నావ్?" అంటే "ఎంతైనా పర్లేదన్నా, మంచిది కావాలి" అన్నాడు. సరిగ్గా ఇదే మాట కొన్నేళ్ళ కిందట నేనూ అన్నాను. దాని ఫలితం ఇప్పటికీ మా ఇంట్లో అటక మీదుంది.

వాడికి రెండు వాక్యాల్లో జవాబు చెప్పెయ్యొచ్చు. చివర్లో చెప్తాను కూడా. కానీ ఆ ప్రశ్నకి నూట నలభై ఏళ్ళ చరిత్రుంది. అందులో మన బేగంపేటకీ ఒక పేజీ ఉంది. అది చదివాకే నేను చేసిన తప్పేమిటో నాకు అర్థమయింది. అంచేత ఈ టపా.

ముందు, ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం ఒక ముక్క. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం సెకనుకి దాదాపు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున పక్కకి జరుగుతూ ఉంటుంది. ఆర్క్‌సెకనంటే డిగ్రీలో 3600వ వంతు. మౌంటు మోటారు దీనికి ఎదురు తిరిగి టెలిస్కోపుని ఒకే చుక్క మీద ఉంచాలి. అయితే ప్రపంచంలో ఏ పళ్ళచక్రమూ నూటికి నూరుపాళ్ళు గుండ్రంగా ఉండదు. కొన్ని నిమిషాలకోసారి కాస్త ముందుకీ, కాస్త వెనక్కీ పోతుంది. కాబట్టి ఎవరో ఒకరు ఒక చుక్కని రెప్ప వెయ్యకుండా చూస్తూ, అది కదిలినప్పుడల్లా మౌంటుని సరిచెయ్యాలి. ఈ పనే గైడింగ్. చూడ్డానికి వాడే చిన్న టెలిస్కోపు గైడ్ స్కోపు. దాని వెనకాల ఇప్పుడుండేది గైడ్ కెమేరా. ఒకప్పుడు అక్కడ మనిషి కన్నుండేది.

సూర్యుణ్ణి వదిలేస్తే, ఒక నక్షత్రాన్ని మొదటిసారి ఫొటో తీసింది 1850 జులైలో. హార్వర్డ్ అబ్జర్వేటరీలో 15 అంగుళాల టెలిస్కోపుతో బాండ్, విపుల్ అనే ఇద్దరు అభిజిత్ నక్షత్రాన్ని (వేగా అంటారే, అదే) వెండి రేకు మీదకి దింపారు. అప్పటి రసాయనాలకి మసక చుక్కలు అందేవి కాదు. ఆ తర్వాతొచ్చిన కలోడియన్ ప్లేట్లు తడిగా ఉన్నంతసేపే పనిచేసేవి, ఆరితే అంతే. 1870ల్లో పొడి జెలటిన్ ప్లేట్లు రాగానే మొత్తం మారిపోయింది. ఎంతసేపు తెరిచి ఉంచితే అంత వెలుగు పోగవుతుంది. గంటలకి గంటలు తెరిచి పెట్టొచ్చు. పెట్టొచ్చు గానీ, అన్ని గంటలు చుక్కని కదలకుండా పట్టుకునేదెవరు?

1880లో న్యూయార్క్ దగ్గర హెన్రీ డ్రేపర్ 50 నిమిషాలసేపు ఓరియన్ నెబ్యులాని ఫొటో తీశాడు. 1883లో ఆండ్రూ కామన్ అనే ఇంగ్లీషాయన లండన్ పక్కన ఈలింగ్‌లో తన ఇంటి పెరట్లో 36 అంగుళాల అద్దంతో, 37 నిమిషాల్లో అదే నెబ్యులాని తీశాడు. అంతకుముందు ఏ కన్నూ చూడని చుక్కలు అందులో పడ్డాయి. ఈ కామన్ వృత్తిరీత్యా శానిటరీ ఇంజనీరు. అంటే పగలు డ్రైనేజీ, రాత్రి నెబ్యులాలు :) మనలాంటివాళ్ళకి ఆయన కులదైవం లెక్క.

వీళ్ళిద్దరి మధ్యలో 1882లో ఒక పెద్ద తోకచుక్క వచ్చింది. దక్షిణాఫ్రికా కేప్ అబ్జర్వేటరీలో డేవిడ్ గిల్ ఉన్నాడు. ఆయన దగ్గర ఫొటోలకి పనికొచ్చే టెలిస్కోపు లేదు. దగ్గర్లోని ఒక ఫొటోగ్రాఫర్ని పిలిపించి, మనుషుల్ని ఫొటో తీసే మామూలు కెమేరాని తన టెలిస్కోపు వీపున కట్టించాడు. టెలిస్కోపులోంచి తోకచుక్క మీద చూపు నిలిపి, అరగంట మొదలు రెండు గంటల పైదాకా ప్లేటు తెరిచి ఉంచారు. తోకచుక్క బాగా వచ్చింది. దాని వెనకాల వేలకొద్దీ చుక్కలు కూడా వచ్చాయి. నక్షత్రాల పటాన్ని చేత్తో గియ్యక్కర్లేదు, ఫొటో తీస్తే చాలన్న సంగతి గిల్‌కి అక్కడే తట్టింది.

ఇక్కడ ఒకటి గమనించండి. గిల్ దగ్గర కెమేరా చిన్నది, గైడ్ స్కోపు పెద్దది. ఇప్పుడు మనం చేసేదానికి పూర్తిగా తలకిందులు. కారణం కన్నే. కంటికి చుక్క స్పష్టంగా కనిపించాలంటే వెలుగెక్కువ కావాలి, కాబట్టి అద్దం పెద్దదవ్వాలి. అది వెంట్రుకవాసి జరిగినా కన్ను పసిగట్టాలంటే మాగ్నిఫికేషన్ కావాలి, కాబట్టి గొట్టం పొడుగవ్వాలి. 1888 డిసెంబరులో ఐజాక్ రాబర్ట్స్ ఆండ్రోమెడాని ఫొటో తీసినప్పుడు ఆయన 20 అంగుళాల కెమేరా టెలిస్కోపుకి జోడీగా అదే మౌంటు మీద 7 అంగుళాల గైడు టెలిస్కోపుంది. ఆయనా మనలాగే అమెచ్యూరే, లివర్‌పూల్ దగ్గర ఇళ్ళు కట్టే వ్యాపారి. ఆండ్రోమెడాలో సుడులున్నాయని ప్రపంచం మొదటిసారి స్పష్టంగా చూసింది ఆ ఫొటోలోనే. "గైడ్ స్కోపు పొడుగు మెయిన్ స్కోపులో కనీసం సగం ఉండాలి" అనే రూలు ఈ కంటి కాలం నుంచే ఫిల్ము రోజుల దాకా నడిచొచ్చింది.

కన్ను అంటే ఎంత కష్టమో చెప్పడానికి ఎడ్వర్డ్ బర్నార్డ్ ఒక్కడు చాలు. 1857లో అమెరికాలో నాష్‌విల్‌లో పుట్టాడు. పుట్టకముందే తండ్రి పోయాడు, ఇంట్లో గడవడమే కష్టం. ఎనిమిదీ తొమ్మిదేళ్ళ వయసులో ఒక ఫొటో స్టూడియోలో పనికి పెట్టారు. అప్పట్లో ఫొటోని పెద్దది చెయ్యడానికి ఎండే దిక్కు. స్టూడియో కప్పు మీద ఒక పెద్ద యంత్రం ఉండేది, దాన్ని సూర్యుడితోపాటు తిప్పుతూ ఉండాలి. ఆ చక్రాలు తిప్పడమే ఈ పిల్లాడి ఉద్యోగం. రోజంతా ఎండలో, నిద్రపోకుండా. అంటే ఆటోగైడర్ పుట్టడానికి చాలా ముందే ఒక పసివాణ్ణి ఆటోగైడర్‌గా పెట్టారన్నమాట. వాడే పెద్దయ్యాక లిక్ అబ్జర్వేటరీలో, తర్వాత యెర్క్స్‌లో, మౌంట్ విల్సన్‌లో గంటలకొద్దీ కన్ను గైడు టెలిస్కోపుకి ఆనించి పాలపుంత ఫొటోలు తీశాడు. పాలపుంతలో నల్లటి ఖాళీలు నిజంగా ఖాళీలు కావనీ, వెలుగుని అడ్డుకునే మబ్బులనీ నమ్మకం కలగడానికి ఆ ఫొటోలే పునాది. చిన్నప్పటి ఆ పని తనకి ఓపిక నేర్పిందో, మెడనొప్పి నేర్పిందో మరి.

అయితే కంటికన్నా మొండి సమస్య ఇంకోటుంది. గైడు ఒక గొట్టంలోంచి చూస్తున్నాడు, ఫొటో ఇంకో గొట్టంలో పడుతోంది. రాత్రంతా మౌంటు తిరుగుతుంటే బరువు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మారుతుంది. రెండు గొట్టాలూ ఒకేలా వంగవు. అద్దం దాని గూట్లో పిసరంత జారుతుంది. గైడు మాత్రం తన చుక్క మధ్యలోనే ఉందని ధీమాగా కూర్చుంటాడు. ప్లేటు మీద చుక్కలు సాగిపోతూ ఉంటాయి. దీన్నే ఇప్పుడు డిఫరెన్షియల్ ఫ్లెక్షర్ అంటున్నాం.

మన డ్రైనేజీ ఇంజనీరు కామన్‌గారే దీనికి మందు కనిపెట్టాడు. ప్లేటుని రెండువైపులా జరిగే ఒక చట్రంలో పెట్టి, ప్లేటు అంచున అదే అద్దం నుంచొచ్చే వెలుగులో ఒక చుక్కని కంటితో చూస్తూ, టెలిస్కోపుని కాకుండా ప్లేటునే జరిపేలా చేశాడు. యెర్క్స్‌లో జార్జ్ రిచీ 24 అంగుళాల అద్దంతో 1900ల మొదట్లో తీసిన అద్భుతమైన ఫొటోలు ఈ పద్ధతిలోనే. ఇప్పుడు మార్కెట్లో ఆఫ్ యాక్సిస్ గైడర్ పేరుతో దొరికే చిన్న పట్టకపు పెట్టె దానికి మనవడు. గైడూ కెమేరా ఒకే గొట్టంలోంచి చూస్తే ఇక వాదనే లేదు.

ఇప్పుడు నా అటక సంగతి. ఒక పాత పుస్తకంలో ఆ సగం రూలు చదివి, నా 480 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ టెలిస్కోపుకి తోడుగా 400 మిల్లీమీటర్ల గైడ్ స్కోపు కొన్నాను. ఎక్కువైతే మంచిదేగా అని. బరువు దాదాపు మెయిన్ స్కోపంత. దాన్ని ఆరు ప్లాస్టిక్ మొనల స్క్రూలున్న రెండు రింగుల్లో బిగించి, ఒక శనివారం రాత్రి అనంతగిరి కొండల వైపు వెళ్ళాను. చలి, పక్కన ఫ్లాస్కులో టీ, లాప్‌టాప్‌లో గైడింగ్ గ్రాఫు. గ్రాఫు ఎంత చదునుగా ఉందంటే స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకి పంపాను. ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్లు, తెల్లారేదాకా. ఇంటికొచ్చి తెరిచి చూస్తే ప్రతి ఫ్రేములోనూ చుక్కలు ఒకేవైపుకి సాగి ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

ఆ సోమవారం ఆఫీసులో ఏం జరిగిందంటే, డాష్‌బోర్డు మొత్తం పచ్చగా ఉంది, కస్టమర్లు మాత్రం పేజీ తెరుచుకోవట్లేదని మొత్తుకుంటున్నారు. చివరికి తేలిందేమిటంటే మా మానిటరింగ్ తన దారిలో తాను వెళ్ళి సర్వర్ని పలకరించి వస్తోంది. కస్టమరు వచ్చే దారి వేరు. ఆ కాల్‌లో కూర్చుని ఉండగా అనంతగిరి గ్రాఫు గుర్తొచ్చి నవ్వాగలేదు. గైడు చూసేదీ, కెమేరా చూసేదీ ఒకటి కానప్పుడు గ్రాఫు ఎంత అందంగా ఉంటే అంత ప్రమాదం.

సరే, మళ్ళీ చరిత్రలోకి. గిల్ ఫొటోలు చూసి ఉత్సాహపడ్డవాళ్ళలో పారిస్ అబ్జర్వేటరీ డైరెక్టరు మూషే, అక్కడి హెన్రీ సోదరులు ఉన్నారు. 1887లో పారిస్‌లో సభ పెట్టి, మొత్తం ఆకాశాన్ని ప్లేట్ల మీద ఎక్కించాలని తీర్మానించారు. కార్త్ ద్యు సియెల్ అని పేరు. ఆకాశాన్ని ముక్కలు చేసి ప్రపంచంలో దాదాపు ఇరవై అబ్జర్వేటరీలకి పంచారు. అందరూ ఒకే స్కేలులో తియ్యాలి. మిల్లీమీటరుకి ఒక ఆర్క్‌నిమిషం. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒకే స్పెసిఫికేషను, ఇరవై ఇంప్లిమెంటేషన్లు. హెన్రీ సోదరుల నమూనాలో 33 సెంటీమీటర్ల ఫొటో లెన్సూ, 24 సెంటీమీటర్ల గైడు లెన్సూ ఒకే నలుచదరపు డబ్బాలో పక్కపక్కనే ఉంటాయి. రెండు గొట్టాలు వేరువేరుగా వంగకుండా ఉండటానికి అది మంచి ఉపాయం.

పంచినవాళ్ళలో కొందరు చేతులెత్తేశారు. చిలీలో సాంటియాగో అబ్జర్వేటరీ వాటా, అంటే దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ, ఎవరూ చెయ్యకుండా ఉండిపోయింది. దాన్ని తలకెత్తుకున్నది మన హైదరాబాదు.

నవాబ్ జఫర్ జంగ్ అనే హైదరాబాదు ప్రభువుకి ఆకాశం పిచ్చి. 1901లో ఫిసల్‌బండ దగ్గర సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. 1907లో ఆయన పోయాక, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. చాట్‌వుడ్ డైరెక్టరుగా వచ్చి బేగంపేటకి మార్చాడు. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో 1914 నుంచి పోకాక్ హయాంలో పని జోరందుకుంది. ఆయన 1918లో పోతే టి.పి. భాస్కరన్ పగ్గాలు పట్టి 1944 దాకా నడిపాడు. సాంటియాగో వాటా అయ్యాక, జర్మనీలో పోట్స్‌డాం వదిలేసిన దాంట్లోంచి ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవాళ్ళే చేశారు. పక్కవాడి పెండింగు టికెట్లు కూడా మన టీమే మూసిందన్నమాట. లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి, సంపుటాలుగా అచ్చేశారు. ప్రతి ప్లేటు వెనకా ఒక మనిషి రాత్రిపూట గైడు కంటికి అతుక్కుని కూర్చున్నాడు. ఇంకొకరు పగటిపూట మైక్రోస్కోపులో ఒక్కో చుక్కనీ కొలిచారు. ప్లేటు మీద చుక్కలు గుండ్రంగా ఉన్నాయంటే ఆ రాత్రి అక్కడెవరో కునుకు తియ్యలేదనే అర్థం. సాగిపోయిన చుక్కల్ని ఎవరైనా గుర్తుపడతారు గానీ, గుండ్రటి చుక్క ఎవరి కష్టమో ఎవరడుగుతారు?

2003లో నేను అమీర్‌పేటలో జావా కోర్సు చేశాను. మనలో సగం మంది అలా వచ్చినవాళ్ళమే కదా. బేగంపేట అక్కడికి కూతవేటు దూరం. రోజూ ఆ దారినే వెళ్ళేవాణ్ణి. అక్కడొక అబ్జర్వేటరీ ఉండేదని ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికెళ్ళిన ఆ సంస్థ, ఊరి వెలుగులు పెరిగిపోవడంతో, జపాల్ రంగాపూర్‌కి మళ్ళింది. 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. బేగంపేట ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ఉంది. పాత గుమ్మటాలు వాటి మానాన అవి ఉన్నాయి.

కన్ను స్థానంలోకి యంత్రం రావడం నెమ్మదిగా జరిగింది. 1937లో వైట్‌ఫర్డ్, క్రాన్ అనే ఇద్దరు ఫొటోసెల్‌తో గైడ్ చేసే పద్ధతిని ప్రకటించారు. కానీ అది పెద్ద అబ్జర్వేటరీల భోగం. అమెచ్యూరు మాత్రం వెలిగే క్రాస్ హెయిరున్న ఐపీసులో కన్ను పెట్టి, చేతిలో బటన్ల డబ్బాతో, 1980ల దాకా బర్నార్డ్‌లాగే వణికాడు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సీసీడీ మన దాకా రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1980ల చివర్లో ఎస్‌బీఐజీ కంపెనీ ఎస్‌టీ-4 అనే చిన్న పెట్టె తెచ్చింది. 192 అడ్డం, 165 నిలువు పిక్సెళ్ళు, అంతే. కానీ అది మనిషిని కుర్చీలోంచి లేపింది. ఆ పెట్టె పోయి చాలాకాలమైనా దాని తీగ పేరు మిగిలిపోయింది. ఇప్పటికీ మౌంటు మీద ఎస్‌టీ-4 పోర్టని రాసి ఉంటుంది. లెగసీ ఇంటర్‌ఫేస్ అంటే అదీ.

2000ల్లో వెబ్‌క్యాములు వచ్చాయి. వాటిని విప్పి, సర్క్యూటు మార్చి, ఎక్కువసేపు ఎక్స్‌పోజరిచ్చేలా చేశారు కొందరు మహానుభావులు. అదే దశాబ్దంలో క్రెయిగ్ స్టార్క్ అనే, మెదడు మీద పరిశోధన చేసే ప్రొఫెసరుగారు పీహెచ్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశాడు. పీహెచ్‌డీ అంటే డాక్టరేటు కాదు, "ఇక్కడ నొక్కరా మొద్దూ" అనే ఇంగ్లీషు మాటలకి పొడి అక్షరాలు :) తర్వాత అది ఓపెన్ సోర్సయి పీహెచ్‌డీ-2గా బతుకుతోంది. అది చేసే తెలివైన పనేమిటంటే, చుక్క ఏ పిక్సెల్లో ఉందని కాకుండా, చుక్క వెలుగు నాలుగైదు పిక్సెళ్ళలో ఎలా పరుచుకుందో చూసి దాని కేంద్రాన్ని లెక్కకడుతుంది. దాంతో పిక్సెల్లో పదో వంతు కదలిక కూడా దొరుకుతుంది.

కంటికి ఇది చేతకాదు. అందుకే కంటికి పెద్ద గొట్టం కావాల్సొచ్చింది. కన్ను పోయింది, రూలు మాత్రం ఉండిపోయింది. నేను డబ్బులు పోసింది ఆ రూలుకి. కాని గొట్టాలు వంగే సమస్య కంటిది కాదు, ఇనుముదీ బరువుదీ. అది కామన్ రోజుల్లో ఎలా ఉందో ఇప్పుడూ అలానే ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. పాత కోడులో ఏ లైను ఎందుకొచ్చిందో తెలియకుండా ఉంచాల్సింది తీసేసి, తీసెయ్యాల్సింది ఉంచుకున్నట్టు.

కాబట్టి తమ్ముడూ, లెక్క ఇది. పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో హెచ్చవేసి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించు. ఒక్కో పిక్సెలూ ఎన్ని ఆర్క్‌సెకన్లో వస్తుంది. 200 మిల్లీమీటర్ల బుల్లి గైడ్ స్కోపుకి 3.75 మైక్రాన్ల కెమేరా పెడితే దాదాపు 3.9. అందులో పదో వంతంటే 0.4. నీ మెయిన్ కెమేరా పిక్సెల్ 1.7 ఆర్క్‌సెకన్లు చూస్తుందనుకుంటే, ఇది దండిగా సరిపోతుంది. కెమేరా బ్లాక్ అండ్ వైట్‌దే తీసుకో, రంగులది వెలుగు తినేస్తుంది. ఎక్స్‌పోజరు ఒకటి నుంచి మూడు సెకన్లు పెట్టు, మరీ తక్కువైతే గాలి వణుకుని వెంటాడుతుంది. మిగిలిన డబ్బు బిగింపుల మీద పెట్టు. స్క్రూల మీద వేలాడే రింగులు కాదు, గట్టి క్లాంపులు. రేపెప్పుడైనా 2000 మిల్లీమీటర్ల అద్దాల టెలిస్కోపు కొంటే గైడ్ స్కోపు మాటే మరిచిపో, ఆఫ్ యాక్సిస్ గైడరే దిక్కు. అందులో అద్దమే జారుతుంది, బయట కూర్చున్న గైడుకి ఆ సంగతి తెలియదు.

రెండు వాక్యాల్లో అయితే: చిన్నది కొను, గట్టిగా బిగించు. గైడు చూసేదీ కెమేరా చూసేదీ ఒకటేనా అని ప్రతి రాత్రీ అడుగు.

చివరిగా ఒక మాట. ఇప్పుడు నేను టెలిస్కోపు పెట్టగానే లాప్‌టాప్ ఒక ఫొటో తీసి, అందులో చుక్కల అమరికని పోల్చి, ఆకాశంలో ఎక్కడున్నానో చెప్పేస్తుంది. ప్లేట్ సాల్వింగ్ అంటారు. ప్లేట్లు పోయాయి, పేరు ఉంది. నేను వాడే ఇండెక్సు ఫైళ్ళు 2000లో వచ్చిన టైకో-2 కేటలాగు నుంచి తయారైనవి. పాతిక లక్షల నక్షత్రాలు. ఒక్కో నక్షత్రం ఏ దిక్కుకి ఎంత వేగంతో జరుగుతోందో అందులో ఉంటుంది. అది తెలియాలంటే 1990ల ఉపగ్రహం కొలతలు ఒక్కటే చాలవు, పాత కొలతలూ కావాలి. అందుకని కార్త్ ద్యు సియెల్ సంపుటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పోల్చారు. అందులో హైదరాబాదు పట్టీలు రెండూ ఉన్నాయి. ఇంతకన్నా నిక్కచ్చి అయిన గయా కొలతలు ఇప్పుడున్నాయనుకోండి. అయినా నా లాప్‌టాప్ దక్షిణాన 20 డిగ్రీల దగ్గర దారి వెతుక్కున్నప్పుడల్లా, వందేళ్ళ కిందట బేగంపేటలో ఒక రాత్రి కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నవాడి పని కొంత అందులో నడుస్తూనే ఉంటుంది.

ఆ మధ్య బేగంపేటలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ గుమ్మటాల వైపు తిరిగి చూశాను. వెనకాల హారన్లు మోగాయి. బండి కదిలించాను.